ఫెస్ పాతబస్తీలో బస



స్పెయిన్ దక్షిణపు కొసన సముద్రం బాగా ఇరుకవుతుంది. జిబ్రాల్టర్ జలసంధి అక్కడ 14 కిలోమీటర్ల వెడల్పే. అవతలి ఒడ్డు ఆఫ్రికా. ఆ ఒడ్డున ఉన్న దేశం మొరాకో. పిల్లలు ఐరోపాలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగాలు చేస్తుంటే, చూసొద్దామని వెళ్ళే తల్లిదండ్రులు మన దగ్గర ఇప్పుడు చాలామందే ఉన్నారు. నాలుగు రోజులు సెలవు కలిసొస్తే పిల్లలు వాళ్ళని మొరాకో కూడా తీసుకెళ్తున్నారు. వాళ్ళ కోసమే ఈ ప్రసంగం. వెళ్ళే ఆలోచన లేనివాళ్ళు కూడా వినండి. ఇల్లు కట్టుకోవడం గురించి, ఇంటికొచ్చిన మనిషిని చూసుకోవడం గురించి ఇందులో కొన్ని మంచి సంగతులున్నాయి.

మొరాకోలో ఫెస్ అని ఒక నగరం ఉంది. క్రీస్తుశకం 789లో మొదటి ఇద్రీస్ అనే రాజు నదికి ఒక ఒడ్డున ఊరు కట్టించాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన కొడుకు రెండో ఇద్రీస్ అవతలి ఒడ్డున ఇంకో ఊరు కట్టించాడు. స్పెయిన్‌లోని కార్డోబా నుంచి వెళ్ళగొడితే వచ్చినవాళ్ళు ఒక ఒడ్డున స్థిరపడ్డారు. ట్యునీషియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్ళు రెండో ఒడ్డున స్థిరపడ్డారు. 11వ శతాబ్దంలో రెండు ఊళ్ళూ ఒకే ప్రహరీ లోపలికి వచ్చాయి. ఆ పాతబస్తీని 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రోజుకీ అది కాపురాలున్న ఊరే. బడికెళ్ళే పిల్లలు, తోలు పదును చేసేవాళ్ళు, ఇత్తడి పళ్ళేలు సుత్తితో కొట్టేవాళ్ళు, అందరూ ఆ గోడల లోపలే.

అక్కడి పాత పెద్దిళ్ళు కొన్ని ఇప్పుడు ప్రయాణికులకి బస ఇస్తున్నాయి. నడుమ తోట ఉన్న ఇంటిని రియాద్ అంటారు. తోట లేకుండా రాతి పలకలు పరచిన జాగా ఉంటే దార్ అంటారు. ఫెస్‌లో చోటు ఇరుకు. అందుకని నిజానికి దార్‌లే ఎక్కువ. బోర్డుల మీద మాత్రం చాలావాటికి రియాద్ అనే రాసుకుంటారు. మనం కూడా రియాద్ అనే అనుకుందాం.

ఈ పూట నేను చెప్పేది ఒకే ఒక్క సంగతి. రియాద్‌లో గది తీసుకున్నాక ఊరుకోకండి. బయల్దేరే ముందే ఆ ఇంటివాళ్ళతో మాట్లాడండి. ఫోన్ చేసినా సరే, వాట్సాప్‌లో రాసినా సరే. ఎప్పుడొస్తున్నారో చెప్పండి. ఏం తింటారో, ఏం తినరో చెప్పండి. ఎక్కడ దిగాలో అడగండి. పెద్ద హోటల్‌కి ఇవేవీ అక్కర్లేదు. రాత్రి రెండింటికి వెళ్ళినా కౌంటర్లో మనిషి ఉంటాడు. వంటగదిలో ఏదో ఒకటి ఉంటుంది. రియాద్‌లో ఉండేవి కొద్దిపాటి గదులు. బజారుకెళ్ళి కూరలు తెచ్చేదీ, వండేదీ, వడ్డించేదీ ఆ ఇంట్లో ఉన్న నలుగురే. మీరు చెప్తేనే వాళ్ళకి తెలుస్తుంది. తెలిసిందా, ఇక మీరు ఆ ఇంటి చుట్టాలే.

కోనసీమలోనో కృష్ణా జిల్లాలోనో పాత మండువా లోగిలి చూసినవాళ్ళకి రియాద్ సులువుగా అర్థమవుతుంది. నాలుగువైపులా గదులు. నడుమ ఆకాశం కనిపించే మండువా. గాలి, వెలుతురు, వాన, అన్నీ అక్కణ్ణించే. ఒక్క తేడా ఉంది. మన లోగిలికి వీధివైపు అరుగు ఉంటుంది. సాయంత్రం దాని మీద కూచుని దారినపోయే వాళ్ళని పలకరిస్తాం. ఫెస్ ఇంటికి అరుగు లేదు. వీధివైపు కిటికీ ఉండదు. ఉన్నా ఎక్కడో ఎత్తున, చిన్నది. ఇల్లు మొత్తం లోపలికి తిరిగి ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ముందే ఎందుకు మాట్లాడాలో దీన్నిబట్టే తెలుస్తుంది. బయట నిలబడి చూస్తే ఆ ఇల్లు మీకేమీ చెప్పదు. లోపలివాళ్ళే చెప్పాలి.

ముందు ఇల్లు చేరడం గురించి చెప్తాను.

కాసాబ్లాంకా నుంచి రైల్లో వస్తే ఫెస్ నాలుగు గంటలకి అటూ ఇటూ. విమానంలో వచ్చేవాళ్ళకి ఊరికి దక్షిణంగా విమానాశ్రయం ఉంది. ఊళ్ళో చిన్న టాక్సీలు తిరుగుతుంటాయి. ఎర్ర రంగువి. వాటిలో ముగ్గురినే ఎక్కించుకుంటారు. మీరు నలుగురుంటే రెండు టాక్సీలు కావాలి. ఈ టాక్సీలు పాతబస్తీ గుమ్మం దాకానే వస్తాయి. లోపలికి రావు. సందుల్లోకి ఏ కారూ రాదు. లోపల ఉన్నవి వేలకొద్దీ సందులు. కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. సామాను కంచరగాడిదల మీద వెళ్తుంది, తోపుడుబండ్ల మీద వెళ్తుంది.

పాతబస్తీకి ఒక గుమ్మం కాదు, చాలా ఉన్నాయి. అక్కడ గుమ్మాన్ని బాబ్ అంటారు. పడమటివైపు బాబ్ బూ జలూద్ ఉంది. అందరికీ తెలిసింది అదే. 1913లో కట్టారు. బయటివైపు నీలి పలకలు, లోపలివైపు ఆకుపచ్చ పలకలు. ఉత్తరాన బాబ్ గిస్సా. నడిబొడ్డున ర్సీఫ్ అనే మైదానం. లోపలే అయినా అక్కడిదాకా మాత్రం టాక్సీ వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. మీ రియాద్ ర్సీఫ్ పక్కన ఉంది. మీరేమో పేరు విన్నాం కదా అని బాబ్ బూ జలూద్ దగ్గర దిగారు. ఊరు గిన్నెలాగా పల్లంలో ఉంటుంది. అక్కణ్ణించి తలా కెబీరా అనే పెద్ద సందు దిగుతూనే పోతుంది. పెట్టెలు లాక్కుంటూ రాళ్ళ మీద ఆ దారంతా నడవాలి. తిరుగు ప్రయాణంలో అదే దారి ఎక్కాలి. అందుకని ముందే అడగండి. మీ ఇంటికి దగ్గరి గుమ్మం ఏది? టాక్సీ అతనికి ఏ పేరు చెప్పాలి? ఈ రెండు మాటలు కాగితం మీద రాసుకోండి. అరబ్బీలోనో ఫ్రెంచిలోనో వాళ్ళ చేతే రాయించుకుని ఫోన్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంకో మాట కూడా అడగండి. గుమ్మం దగ్గరికి మనిషిని పంపుతారా అని. చాలా ఇళ్ళవాళ్ళు పంపుతారు. సామాను తోసుకెళ్ళే తోపుడుబండి మనిషిని కూడా వాళ్ళే మాట్లాడిపెడతారు. అతనికి ఎంత ఇవ్వాలో వాళ్ళనే అడగండి. ముందే తెలిస్తే బేరం ఉండదు, మాటామాటా పెరగదు. ఫోన్‌లో మ్యాపు ఉంది కదా అనుకోవద్దు. ఎత్తైన గోడల మధ్య, పైన కప్పు వేసిన సందుల్లో, ఫోన్‌లో మన చుక్క పక్క సందులోకి గెంతుతుంది. మీరు దిక్కులు చూస్తుంటే ఎవరో ఒక కుర్రాడు వచ్చి దారి చూపిస్తానంటాడు. ఇంటి ముందుకి చేర్చాక డబ్బులడుగుతాడు. పని లేని పిల్లల బతుకుతెరువు అది. అయినా కొత్త ఊళ్ళో, అలసిపోయి, చీకట్లో ఆ తగాదా మీకెందుకు? రియాద్ నుంచి వచ్చిన మనిషి పక్కన ఉంటే ఎవరూ మీ జోలికి రారు.

వీలైనంతవరకు పగటిపూట చేరండి. పగలు కొట్లు తెరిచి ఉంటాయి. ఇక్కడ చెప్పులకొట్టు, అక్కడ దువ్వెనలు చేసేవాడు, ఆ మలుపులో నీళ్ళ కుళాయి అని ఆనవాళ్ళు పెట్టుకోవచ్చు. రాత్రి కొట్లన్నీ మూసేశాక అన్ని సందులూ ఒకేలా కనిపిస్తాయి. పొద్దున్న పెట్టుకున్న ఆనవాలు ఒక్కటీ మిగలదు. నడుస్తుంటే వెనకనించి "బాలక్, బాలక్" అని కేక వినిపిస్తుంది. తప్పుకోండి అని. ఆగి వెనక్కి చూడకండి. వెంటనే గోడకి అతుక్కుని నిలబడండి. గ్యాసు సిలిండర్లో పచ్చితోళ్ళో మోసుకుంటూ కంచరగాడిద పక్కనించే పోతుంది.

సరే, తలుపు దగ్గరికి వచ్చాం.

వట్టి సున్నపుగోడ. దానికి మేకులు కొట్టిన మందపాటి దేవదారు తలుపు. ఆ పెద్ద తలుపులోనే చిన్న తలుపు. తల వంచి లోపలికెళ్ళాలి. వెళ్ళగానే మండువా కనపడదు. చీకటి నడవా. అది ఒకచోట మెలిక తిరుగుతుంది. అలా కావాలనే కట్టారు. తలుపు తెరిచి ఉన్నా వీధిలో మనిషి చూపు ఆడవాళ్ళు తిరిగే చోటు మీద పడకూడదని. దుమ్ము, రొద లోపలికి రాకూడదని. ఆ మెలిక తిరిగాక ఒక్కసారిగా వెలుతురు మీద పడుతుంది. నడుమ నీళ్ళ తొట్టి, నాలుగువైపులా స్తంభాలు, పైన ఆకాశం.

ఆ గోడల్ని కాస్త దగ్గరికెళ్ళి చూడండి. కింద నడుం ఎత్తు దాకా రంగురంగుల పలకలు. దాన్ని జెల్లీజ్ అంటారు. దాని మీద చెక్కిన గచ్చు. అన్నిటికన్నా పైన మధ్య అట్లాస్ కొండల నుంచి తెచ్చిన దేవదారు. జెల్లీజ్ ఎలా చేస్తారో చెప్తాను. ఊరి దగ్గర దొరికే మట్టిని తడిపి, తొక్కి, చదరాలుగా కోసి, ఎండబెట్టి, కాల్చి, రంగు పూసి మళ్ళీ కాలుస్తారు. కాల్చే బట్టీలో ఆలివ్ గింజల తుక్కు వేస్తారు. నూనె తీశాక మిగిలిన గింజ అది. కాలిన పలక మీద గీత గీసుకుని, నేల మీద కూచున్న పనివాడు బరువైన ఉలిసుత్తితో ఒక్కో ముక్కనీ చెక్కుతాడు. నక్షత్రం, సన్నటి బద్ద, ఎన్ని ఆకారాలో! ముక్క అంచుని వెనకవైపుకి ఏటవాలుగా చెక్కుతాడు. అప్పుడే ముందువైపు ముక్కకి ముక్క సందు లేకుండా అతుక్కుంటుంది. ఇక పేర్చే పనివాడు ఆ ముక్కల్ని నేల మీద బోర్లా పేరుస్తాడు. రంగు నేలవైపు ఉంటుంది. అతని కంటికి కనిపించేది వట్టి మట్టి వీపే. ఏ ముక్క ఎక్కడ రావాలో మనసులో పెట్టుకునే పేరుస్తాడు. వెనక సున్నమో సిమెంటో పోసి, ఆరాక ఎత్తి గోడకి నిలబెడితే అప్పుడు బొమ్మ కనిపిస్తుంది. మీరు టీ తాగుతూ ఆనుకున్న గోడ అది. పెట్టెలు దానికి రాయకండి. తడి బట్టలు ఆరేయకండి.

ఇప్పుడు గది. ఇక్కడ కూడా ముందే అడగాల్సినవి ఉన్నాయి.

ఫెస్ ఇళ్ళలో గదులు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. దేవదారు దూలం ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు. ఆ కాలంలో కట్టుబడి అది. గది తలుపు, కిటికీలు మండువాలోకి తెరుచుకుంటాయి. బయటివైపు కిటికీ ఉండకపోవచ్చు. మూసిన గదిలో ఊపిరాడదు అనుకునే వాళ్ళుంటే ఆ సంగతి ముందే చెప్పండి. మేడ మీద గాలి వచ్చే గది ఇస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే కింద గది అడగండి. ఇది మాత్రం మరవద్దు. చాలా ఇళ్ళలో లిఫ్ట్ ఉండదు. మెట్లు ఇరుకు, ఎత్తు. పలకలు తాపడం చేసిన మెట్టు తడిస్తే జారుతుంది. మేడ మీద గది బాగుందని పిల్లలు బుక్ చేస్తారు. అమ్మ పొద్దున్న కాఫీకి దిగలేక పైనే కూచుంటుంది. ఒక్క మాట ముందు అడిగితే సరిపోయేదానికి ఆవిడకెందుకంత కష్టం?

మండువాలో మాట మేడ మీదికి వినిపిస్తుంది. కింద గిన్నె పడినా పైవాళ్ళకి తెలుస్తుంది. అందుకని రాత్రి పది దాటాక అక్కడ గొంతు తగ్గించాలి. తెల్లవారక ముందే మసీదుల నుంచి అజాన్ వస్తుంది. ఒకటి మొదలెడితే ఇంకోటి అందుకుంటుంది. నిద్ర తేలికైనవాళ్ళు చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకెళ్ళండి. పాతకాలంలో మగ అతిథుల కోసం ఈ ఇళ్ళలో విడిగా ఒక చిన్న మేడ కట్టేవాళ్ళు. దాన్ని మస్రియా అంటారు. దానికి మెట్లు కూడా విడిగా ఉండేవి. వచ్చినవాడు ఇంటి ఆడవాళ్ళకి అడ్డం రాకుండా వచ్చి పోవచ్చు. కొన్ని ఇళ్ళలో అది ఇప్పటికీ ఉంది. కుటుంబంతో వెళ్ళి, కాస్త విడిగా ఉండాలనుకుంటే మస్రియా ఉందా అని అడిగి చూడండి.

ఎండాకాలంలో ఫెస్‌లో వేడి 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అయినా మండువాలో మధ్యాహ్నం హాయిగా కూచోవచ్చు. రాత్రి చల్లగాలి బరువుకి కిందికి దిగి ఆ గుంటలో నిలుస్తుంది. మందపాటి గోడలు ఆ చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. ఎత్తైన గోడల నీడ, నీళ్ళ తొట్టి తడి దానికి తోడవుతాయి. అందుకే ఎండవేళ ఊరంతా తిరగకండి. పొద్దున్నే వెళ్ళండి. పన్నెండింటికల్లా ఇల్లు చేరండి. మధ్యాహ్నం మండువాలో గడపండి. మీరు డబ్బు పెట్టింది ఆ చోటు కోసమే. గదిలోకెళ్ళి ఏసీ వేసుకుని పడుకుంటే రియాద్‌కి వచ్చిన ఫలం దక్కదు.

చలికాలం సంగతి వేరు. ఆ చల్లదనమే జనవరిలో ఎముకలు కొరుకుతుంది. రాత్రి అయిదు డిగ్రీలకి పడిపోతుంది. పలకల నేల మంచులా ఉంటుంది. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పల్చటి బట్టలతో వెళ్ళిన వాళ్ళు గజగజలాడతారు. కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా వెళ్ళేవాళ్ళు ముందే అడగండి. గదిలో హీటర్ ఉందా? మండువా పైన కప్పు వేస్తారా? కొన్ని ఇళ్ళకి జరిపే కప్పు ఉంటుంది. మేజోళ్ళు మాత్రం మీరే తీసుకెళ్ళండి.

తిండి గురించి కాస్త ఎక్కువసేపే చెప్పాలి. మనవాళ్ళకి ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

పొద్దున్న ఫలహారం సాధారణంగా గది అద్దెలోనే కలిసి ఉంటుంది. మ్సెమెన్ అని పొరలు పొరలుగా మడిచి పెనం మీద కాల్చిన చదరపు రొట్టె. బగ్రీర్ అని పైన చిల్లులు చిల్లులుగా ఉండే రవ్వ అట్టు. దాని మీద వెన్నా తేనే కలిపి పోస్తారు. తేనె ఆ చిల్లుల్లోకి ఇంకుతుంది. హర్షా అని రవ్వతో చేసే మందపాటి రొట్టె. ఆలివ్ కాయలు, నారింజ రసం. పుదీనా టీ సరేసరి. చైనా గ్రీన్ టీలో పుదీనా కట్టా చక్కెర గడ్డలూ వేసి, ఎత్తునించి నురగ వచ్చేలా గ్లాసులోకి పోస్తారు. చక్కెర తక్కువ కావాలంటే కాచే ముందే చెప్పండి. కాచాక తీసెయ్యలేరు కదా.

రాత్రి భోజనం ఇంట్లోనే చెయ్యండి. కనీసం ఒక్క పూటయినా. అయితే ఆ రోజు పొద్దున్నే చెప్పాలి. ఫ్రిజ్‌లోంచి తీసి వేడిచేసే వంట కాదది. వంటావిడ బజారుకెళ్ళి ఆ పూటకి కావలసింది తెస్తుంది. తాజిన్ అనే శంకు ఆకారపు మూత ఉన్న మట్టిపాత్రలో సన్నటి సెగ మీద గంటలు గంటలు మగ్గుతుంది. పస్తీలా అయితే ఇంకా పని. కాగితంలాంటి పల్చటి పొరల్లో పావురం మాంసమో కోడి మాంసమో, బాదం పప్పు పెట్టి కాల్చి, పైన చక్కెరా దాల్చిన చెక్క పొడీ చల్లుతారు. ఫెస్ దానికి పెట్టింది పేరు. సాయంత్రం ఆరింటికి వెళ్ళి పస్తీలా కావాలంటే ఎవరూ చేసిపెట్టలేరు. శుక్రవారం చాలా ఇళ్ళలో కుస్‌కుస్ వండుతారు. శుక్రవారం మీరక్కడ ఉంటే అది అడగండి.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా వినండి. కూరగాయల తాజిన్, కూరగాయల కుస్‌కుస్ అని రాసి ఉంటుంది. పైన కనిపించేవి కూరగాయలే. కాని చాలాచోట్ల అవి మాంసం ఉడికిన రసంలోనే ఉడుకుతాయి. అక్కడి లెక్కలో అది తప్పేం కాదు. మీకు తప్పు. అందుకని "శాకాహారం" అని ఊరికే చెప్తే చాలదు. మాంసం వద్దు, మాంసం రసం వద్దు, చేప వద్దు అని విడివిడిగా రాసి పంపండి. గుడ్డు తినకపోతే అది కూడా రాయండి. మాంసం లేకుండా అనడానికి అక్కడి వాడుకలో "బ్లా లహమ్" అంటారు. ఇలా చెప్పారంటే వంటావిడ మీ కోసం విడిగా పాత్ర పెడుతుంది. జాలూక్ చేస్తుంది. అది కాల్చిన వంకాయా టమాటా మెదిపి, వెల్లుల్లీ జీలకర్రా ఆలివ్ నూనే కలిపిన పచ్చడి. తక్తూకా చేస్తుంది. అది కాల్చిన క్యాప్సికం, టమాటా. చలికాలంలో బిసారా అని ఎండు ఫావా చిక్కుడు గింజల చారు ఉంటుంది. వేడివేడిగా, పైన ఆలివ్ నూనె, జీలకర్ర. మన నాలుకకి కారం చాలదు. అయినా రుచికి లోటు లేదు. చెప్పకపోతే మీకు రొట్టే ఆలివ్ కాయలే మిగుల్తాయి.

ఆ రొట్టె సంగతి కూడా ఒకటి చెప్పాలి. పాతబస్తీలో ప్రతి పేటకీ ఒక ఉమ్మడి పొయ్యి ఉంటుంది. ఫెరాన్ అంటారు. ఇంట్లో పిండి పిసికి, గుండ్రంగా చేసి, చెక్క పలక మీద పెట్టి గుడ్డ కప్పి పంపుతారు. చిన్నపిల్లలు ఆ పలక తలమీద పెట్టుకుని సందుల్లో పరిగెత్తుతుంటారు. ఏ రొట్టె ఏ ఇంటిదో కాల్చేవాడికి తెలుసు. మీ రియాద్‌లో వాళ్ళని అడిగితే తమ పేట ఫెరాన్ చూపిస్తారు. వెళ్ళి చూడండి.

ఈ ఇళ్ళు ఇలా బస ఇళ్ళు ఎందుకయ్యాయో క్లుప్తంగా చెప్తాను. 1912లో ఫెస్‌లోనే కుదిరిన ఒప్పందంతో మొరాకో ఫ్రాన్సు అధీనంలోకి పోయింది. రాజధాని రబాత్‌కి మారింది. ఫ్రెంచివాళ్ళు పాతబస్తీ బయట కొత్త ఊరు కట్టారు. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక కలిగినవాళ్ళు కొత్త ఊరికో కాసాబ్లాంకాకో వెళ్ళిపోయారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ పెద్దిళ్ళలో గదికొక సంసారంగా చేరారు. మరమ్మతులకి డబ్బు లేదు. గోడలు వాలాయి. ఇప్పటికీ కొన్ని సందుల్లో ఈ గోడకీ ఆ గోడకీ మధ్య చెక్క ఊతాలు కనిపిస్తాయి. తర్వాత మొరాకో వాళ్ళూ విదేశీయులూ ఇలాంటి ఇళ్ళు కొని బాగు చేయించడం మొదలెట్టారు. 2002 నాటి పర్యాటక చట్టం ఈ బస ఇళ్ళని ఒక తరగతిగా గుర్తించింది. నా దృష్టిలో ఇది మంచే. జెల్లీజ్ పనివాళ్ళకి, గచ్చు చెక్కేవాళ్ళకి, వడ్రంగులకి చేతినిండా పని దొరికింది. అయితే ఒక సందులో అన్నీ బస ఇళ్ళే అయిపోతే అది పేటగా మిగలదు. ఉమ్మడి పొయ్యి ఆరిపోతుంది. అందుకే నా సలహా, ఇరుగుపొరుగు ఇంకా కాపురాలున్న చోట బస చూసుకోండి. పళ్ళూ రొట్టే ఆ పేట కొట్లోనే కొనండి.

డాబా మీదికి వెళ్ళినప్పుడు ఒక మర్యాద పాటించండి. పాతకాలం నుంచీ డాబాలు ఆడవాళ్ళ చోటు. బట్టలు ఆరేసుకోవడం, పక్కింటివాళ్ళతో మాట్లాడుకోవడం అక్కడే. ఊరిని ఫోటో తీసుకోండి. పక్కింటి డాబా మీద మనుషుల్ని తీయకండి.

డాబా మీంచి ఆకుపచ్చ పెంకుల కప్పు ఒకటి పెద్దగా కనిపిస్తుంది. అది అల్ ఖరవియ్యీన్. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆమె దాన్ని స్థాపించిందని చెప్తారు. మొదట మసీదు, తర్వాత పెద్ద విద్యాపీఠం. ముస్లింలు కానివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. తలుపు దగ్గర నిలబడి చూడొచ్చు. తలా కెబీరా సందులో ఉన్న బూ ఇనానియా మదరసాలోకి మాత్రం టికెట్టు కొని అందరూ వెళ్ళొచ్చు. దాన్ని 1350ల్లో సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించాడు. ఆ సుల్తానే ఇబ్న్ బతూతా చేత యాత్రాకథ చెప్పించి రాయించాడు. మన ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన యాత్రికుడే ఆయన. ఊరూరా బస చేసి తిరిగినవాడి కథ 1355లో ఈ మొరాకోలోనే పుస్తకమయ్యింది.

ఇంకొన్ని చిన్న విషయాలు. ఇల్లు చేరగానే పాస్‌పోర్టు అడిగి ఒక ఫారం నింపిస్తారు. పోలీసులకి పంపడానికి. అది నియమం, కంగారుపడకండి. మనిషికి రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను ఉంటుంది. అది అద్దెలో కలిసిందో లేదో ముందే అడగండి. కార్డు తీసుకుంటారో లేదో కూడా అడగండి. సందుల్లో కొట్లకి నగదే కావాలి. అక్కడి కరెన్సీ దిర్హమ్. సాధారణంగా మే నెలలోనో జూన్‌లోనో ఫెస్‌లో పవిత్ర సంగీతోత్సవం జరుగుతుంది. 1994 నుంచి జరుగుతోంది. ఆ రోజుల్లో ఇళ్ళన్నీ నిండిపోతాయి. రంజాన్ నెలలో వెళ్తే పగలు చాలా హోటళ్ళు మూసి ఉంటాయి. ఇంట్లో మాత్రం మీకు ఫలహారం పెడతారు. సూర్యాస్తమయానికి ఇంటివాళ్ళు ఉపవాసం విడిచేవేళ పని చెప్పకండి. ఆ పావుగంట వాళ్ళని తిననివ్వండి. పొద్దున్నే రైలుంటే ముందురోజు రాత్రే చెప్పండి. రొట్టే పళ్ళూ కట్టి ఇస్తారు.

ఇక బయల్దేరే రోజు. గుమ్మం పక్కన బక్షీసుల డబ్బా ఉండొచ్చు. మీకు తోచింది వెయ్యండి. కాని మిమ్మల్ని పాతబస్తీ గుమ్మం దగ్గర్నించి తీసుకొచ్చిన మనిషిని, మీ కోసం విడిగా పాత్ర పెట్టిన వంటావిడని పిలిపించుకుని ఒకసారి మాట్లాడండి. "షుక్రన్" అంటే వాళ్ళకి అర్థమవుతుంది. ఆవిడ చాలాసార్లు వంటగది దాటి ఇవతలికి రాదు. మీరే ఆ గుమ్మం దాకా వెళ్ళి చెప్పండి.